వార్తల్లో పదం: స్ట్రింగ్

ఒకే రకానికి చెందిన విలువలను మెమరీలో వరుసగా అమర్చి, ఒక్కొక్కదానినీ దాని స్థాన సంఖ్యతో, అంటే ఇండెక్స్‌తో, అందుకునే ఏర్పాటును అరే అంటారు. స్థూలంగా చెప్పాలంటే, ఆ విలువలు అక్షర సంకేతాలైనప్పుడు అది స్ట్రింగ్ అవుతుంది. సీ, జావా, పైథాన్ భాషల్లో లెక్క సున్నాతో మొదలవుతుంది కనుక ఆరు అంశాల వరుసలో చివరిదాని ఇండెక్స్ 5 మాత్రమే. కొత్తగా నేర్చుకునేవారు తరచూ తడబడేది ఇక్కడే.

తెలుగు విషయంలో చిక్కు మరింత ముదురుతుంది. చదువరికి ‘తెలుగు’ మూడక్షరాల మాటే అయినా, యూనికోడ్‌లో హల్లుకూ గుణింతపు గుర్తుకూ వేర్వేరు సంకేతాలున్నందున పైథాన్ దాని పొడవును 6గా చెబుతుంది. యూటీఎఫ్-8 పద్ధతిలో వీటిలో ప్రతి సంకేతానికీ 3 బైట్లు పడతాయి కాబట్టి బైట్ల లెక్కలో అదే మాట 18 అవుతుంది. సున్నా ఇండెక్స్‌తో అడిగితే చేతికి వచ్చేది ‘తె’ కాదు, ఉత్త ‘త’. స్ట్రింగ్‌ను వెనకనుంచి ముందుకు తిప్పితే కొమ్ము తన హల్లును వదిలి పక్క హల్లుకు అతుక్కుంటుంది. ఇంగ్లిష్ అక్షరాలతోనే రాసిన పాఠ్యపుస్తకాల ఉదాహరణల్లో ఈ ఇబ్బంది కనిపించనే కనిపించదు.

2018 ఫిబ్రవరిలో వార్తలకెక్కిన ఐఫోన్ లోపం ఈ కోవలోనిదే. జ, పొల్లు, ఞ, జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని సంకేతం, దీర్ఘం అనే ఐదింటి వరుసను ‘జ్ఞా’గా తెరపై గీయబోయిన యాప్‌లు ఉన్నపళంగా మూతపడ్డాయి; ఆ స్ట్రింగ్‌లో తప్పేమీ లేదు, దానిని గీసే సాఫ్ట్‌వేర్‌లోనే లోపముంది. అదే నెలలో వచ్చిన ఐఓఎస్ 11.2.6తో యాపిల్ దానిని సరిదిద్దింది.