పటంలో వాడ పేరు

అమెరికాలో 1933లో ఏర్పడిన గృహరుణాల ప్రభుత్వ సంస్థ ఆ దశకంలోనే రెండు వందలకు పైగా నగరాలకు పటాలు గీయించింది. నల్లజాతివారు నివసించే పేటలకు ఎరుపు రంగు పులిమి, అక్కడ అప్పివ్వడం ప్రమాదకరమని సూచించింది. ఇటీవలి కాలంలో రిచ్‌మండ్ విశ్వవిద్యాలయం ఆ పటాలను డిజిటల్ రూపంలోకి తెచ్చి, ఒక్కొక్క పేటపై నాటి అధికారులు రాసిన వివరణ పత్రాలను సైతం పక్కనే చేర్చింది. పటం ఒక్కటే అయితే రంగుల బొమ్మగా మిగిలేది. వివరణ తోడవడంతో అది సాక్ష్యమైంది.

మనకు ఎర్రరంగు అక్కర లేకపోయింది. ఊరి అమరికే ఆ పని చేసింది. గ్రామ నక్షాలో పొలాలకు సర్వే నంబర్లుంటాయి, డొంకలూ చెరువులూ ఉంటాయి. గ్రామకంఠం లోపలి ఇళ్లను మాత్రం సాధారణంగా విడివిడిగా కొలవలేదు. దళితవాడ తరచు ఆ గీతకు అవతల కనిపిస్తుంది. అక్కడినుంచి శ్మశానానికి పోయే సన్నని బాట పటంలో ఒక చుక్కల గీత మాత్రమే కావచ్చు. పక్క పొలం ఆసామి కంచె వేసిన రోజున ఆ గీతే వాదం, అదే వకీలు.

అసైన్డ్ భూముల బదలాయింపును 1977 చట్టం నిషేధించింది. అయితే ఫలానా చెక్క అసైన్డ్ భూమేనని నిరూపించాలంటే పాత నక్షా కావాలి, దానికి జతగా కోస్తాలో డైగ్లాటు, తెలంగాణలో 1954-55 నాటి ఖాస్రా పహాణీ కావాలి. గుడ్డకు అతికించిన నక్షాలు మడతల వెంబడే చిరుగుతాయి. ఆ మడత మీద పడిన సర్వే నంబరు ముందుగా మాయమవుతుంది. ఏ నంబరు పోతే ఎవరికి లాభమో ఊరివాళ్లకు తెలుసు.

కనుక విశ్వవిద్యాలయ గ్రంథాలయాలు ఈ పనికి పూనుకోవాలి. సెల్‌ఫోను ఫోటోలు చాలవు. కొలబద్ద పక్కన పెట్టి, నాణ్యత తగ్గించని టిఫ్ ఫైళ్లుగా స్కాన్ చేసి, నేటి ఉపగ్రహ చిత్రంతో సరిపోల్చి, ప్రతులను వేర్వేరు చోట్ల భద్రపరచాలి. అప్పుడు నాటి పోరంబోకు నేటి ఏ వెంచరు కింద ఉందో విద్యార్థి సైతం చూడగలడు. (దళారీ కూడా చూస్తాడు. అతనికి ఆ సంగతి ఇప్పటికే తెలుసు.)

చిక్కంతా సూచీలో ఉంది. నక్షాపై వాడకు కులం పేరుంటుంది. వాడవాసులు తర్వాత అంబేడ్కర్ నగర్ అని పేరు పెట్టుకున్నారు. పాతపేరు చెరిపేస్తే వెలి జరిగిందనడానికి ఆధారం పోతుంది. అదొక్కటే ఉంచితే అవమానం కంప్యూటరులోకీ ఎక్కుతుంది. నా దృష్టిలో వాడవాసుల పేరే శీర్షిక కావాలి, నక్షాలోని పేరు పత్రంలో ఉన్నది ఉన్నట్లు రెండో గడిలో నమోదు కావాలి. కొలవని ఇళ్ల వివరం, మూసుకుపోయిన బాటల జాడ వాడ పెద్దలను అడిగి రాసే మూడో గడి కూడా ఉండాలి. దానిని నింపడానికి గ్రంథాలయాధికారి ఊరికి వెళ్లవలసిందే.