తరిమేసిన దేశానికే కోట రాసిచ్చాడు!

ఎనిమిదేళ్లకే కోట్లకు వారసుడు. ఇరవై ఒకటో ఏట యుద్ధవీరుడు. రెండుసార్లు దేశ బహిష్కరణ. కన్నబిడ్డలెవరూ మిగల్లేదు. చివరికి తన సర్వస్వాన్నీ వెళ్లగొట్టిన దేశానికే ఇచ్చేశాడు... ఫ్రాన్సు రాకుమారుడు ఓమాల్ డ్యూక్ కథ ఇది.

ఆ బొమ్మ పొడవు జానెడు కూడా ఉండదు. పదిహేడు సెంటీమీటర్ల చదరపు చెక్క మీద ముగ్గురు స్త్రీలు, వాళ్ల చేతుల్లో బంగారు పళ్లు. గీసినవాడు రఫేల్. ఆ 'త్రీ గ్రేసెస్' చిత్రాన్ని చూడాలంటే ప్యారిస్ నుంచి ఉత్తరం వైపు రైలెక్కి, అరగంట ప్రయాణించి షాంటిలీ కోటకు వెళ్లాల్సిందే. లండన్‌లోనో న్యూయార్క్‌లోనో ప్రదర్శనకు వస్తుందిలే అని ఎదురుచూస్తే లాభం లేదు. అది గడప దాటదు. దాటకూడదని ఒక మనిషి రాసి మరీ వెళ్లాడు.

ఆయన పేరు హెన్రీ. 1822 జనవరి 16న ప్యారిస్‌లో పుట్టాడు. తండ్రి లూయీ ఫిలిప్ 1830లో ఫ్రాన్సుకు రాజయ్యాడు. సరిగ్గా ఆ ఏడాదే హెన్రీకి తాత వరసయ్యే కాండే రాకుమారుడు తన గదిలో ఉరికి వేలాడుతూ కనిపించాడు. ఆత్మహత్యా, హత్యా అన్న గుసగుసలు చాలాకాలం నడిచాయి. ఆయన ఒక్కగానొక్క కొడుకుని నెపోలియన్ 1804లోనే కాల్చి చంపించాడు. దాంతో అడవులూ భూములూ షాంటిలీ కోటా అన్నీ ఎనిమిదేళ్ల హెన్రీకి దక్కాయి. ఫ్రాన్సులోని అతిపెద్ద ఆస్తుల్లో అదొకటి!

అంత ఉన్నా కుర్రాడు పదిహేడేళ్లు నిండేసరికి సైన్యంలో ఉన్నాడు. అప్పట్లో ఫ్రాన్సు అల్జీరియాను ఆక్రమించుకునే పనిలో ఉంది. అక్కడ ఎదురు నిలిచిన నాయకుడు అబ్దుల్ ఖాదర్. ఆయనకు స్థిరమైన రాజధాని లేదు. గుడారాలతో కదిలే ఒక పట్టణమే రాజధాని. వేల కుటుంబాలు, గొర్రెల మందలు, ఖజానా, పుస్తకాలు... అన్నీ అందులోనే. 1843 మే 16న హెన్రీ దాని జాడ పట్టాడు. వెనక కాలిబలగం ఇంకా రాలేదు. చేతిలో ఉన్నది సుమారు ఆరువందల మంది రౌతులు. ఆగకుండా విరుచుకుపడ్డాడు. దాదాపు మూడువేల మంది బందీలుగా చిక్కారు. ఫ్రాన్సు ఊగిపోయింది. హొరాస్ వెర్నే ఆ ఘట్టాన్ని ఇరవై ఒక్క మీటర్ల పొడవున చిత్రించాడు. వెర్సాయ్‌లో ఉందది.

ఆ బొమ్మను జాగ్రత్తగా చూస్తే మాత్రం గర్వపడాల్సినంత వీరత్వం కనిపించదు. అబ్దుల్ ఖాదర్ ఆ రోజు అక్కడ లేడు. గుడారాల్లో ఎక్కువమంది ఆడవాళ్లూ పిల్లలూ ముసలివాళ్లే. ఆ దాడిలో ఆయన ఎంతో ప్రేమగా కూడబెట్టుకున్న పుస్తకాలు చెల్లాచెదురయ్యాయి. వాటిలో కొన్ని అరబ్బీ ప్రతులు ఇప్పటికీ షాంటిలీ గ్రంథాలయంలో ఉన్నాయి. పుస్తకాల కోసం ప్రాణమిచ్చే మనిషి ఇంట్లో మరొకరి పుస్తకాలు! 1847 చివర్లో అబ్దుల్ ఖాదర్ లొంగిపోయాడు. అప్పటికి హెన్రీ అల్జీరియా గవర్నర్ జనరల్. ముస్లిం దేశానికి పంపిస్తామన్న మాటను ఆయనా ఖాయం చేశాడు. ప్రభుత్వం మాట తప్పి ఖాదర్‌ను 1852 దాకా ఫ్రాన్సులోనే బంధించింది.

రెండు నెలలు తిరక్కుండానే కథ అడ్డం తిరిగింది. 1848 ఫిబ్రవరిలో ప్యారిస్‌లో విప్లవం. తండ్రి సింహాసనం పోయింది. హెన్రీ చేతికింద పెద్ద సైన్యమే ఉంది, ఎదురు తిరగొచ్చు. తిరగలేదు. పదవి అప్పగించి, ఓడెక్కి ఇంగ్లండు వెళ్లిపోయాడు.

చూడలేక కొన్నాడు

ఇంగ్లండులో ఇరవై మూడేళ్లు, ఎక్కువకాలం లండన్ దగ్గర ట్వికెన్‌హామ్‌లో. ఫ్రాన్సుకి వెళ్లే వీల్లేదు. సైనికుడికి యుద్ధం లేదు. ఇక చేసిందల్లా దేశం తాలూకు ముక్కల్ని ఒక్కొక్కటిగా కొనడమే. పూసాఁ చిత్రాలు, పాత పుస్తకాలు, వేల బొమ్మలు. 1855 చివర్లో జబ్బుపడిన తల్లిని చూడటానికి ఇటలీ వెళ్తూ జెనోవాలో ఒక ప్రార్థన పుస్తకం చూశాడు. 1410ల్లో లింబోర్గ్ అన్నదమ్ములు బెర్రీ డ్యూక్ కోసం చిత్రించిందది. ఒక్కో నెలకు ఒక్కో బొమ్మ... మంచులో చలి కాచుకునే రైతులు, దున్నే ఎడ్లు, వెనక నీలిరంగు ఆకాశం. మరుసటి నెలలోనే కొనేశాడు. ఈ రోజు ప్రపంచంలోనే అత్యంత ప్రసిద్ధమైన చేతిరాత పుస్తకాల్లో అదొకటి.

ఇంకో ముచ్చట. ఆయన సొంత తాత, గిలెటిన్‌కు బలైన ఫిలిప్ ఎగాలితే, విప్లవ కాలంలో కుటుంబ చిత్రాలన్నీ అమ్ముకున్నాడు. వాటిలో రఫేల్ గీసిన మేరీమాత బొమ్మ ఉంది. 1869లో మనవడు దాన్ని తిరిగి కొన్నాడు.

కానీ ఎవరి కోసం? పెద్దకొడుకు లూయీ ప్రపంచయాత్రకు బయల్దేరి 1866లో సిడ్నీలో చనిపోయాడు. ఇరవై ఏళ్లు. 1869లో భార్య పోయింది. ఫ్రాన్సుకు తిరిగొచ్చిన మరుసటి ఏడాది, 1872లో, మిగిలిన ఒక్క కొడుకూ పోయాడు. పద్దెనిమిదేళ్లు. మిగతా పిల్లలు పసితనంలోనే పోయారు.

ఆ దుఃఖంలోనే 1873లో ఒక పని మీద పడింది. జర్మన్లకు మెట్స్ కోటనూ సైన్యాన్నీ అప్పగించిన మార్షల్ బజేన్‌పై విచారణ. సైనిక న్యాయస్థానానికి అధ్యక్షుడు హెన్రీ. అప్పటికి ప్రభుత్వమే లేదు, ఏమీ మిగల్లేదు అని బజేన్ వాదించాడు. 'ఫ్రాన్సు ఉంది కదా' అన్నది అధ్యక్షుడి జవాబు.

తర్వాత విప్లవంలో నేలమట్టమైన షాంటిలీ పెద్దకోటను వాస్తుశిల్పి దోమేతో మళ్లీ కట్టించాడు. 1884లో వీలునామా రాశాడు... కోట, చిత్రాలు, గ్రంథాలయం, చుట్టూ ఉన్న భూములు, అన్నీ ఫ్రాన్సు అకాడమీల సమాఖ్య 'ఇన్‌స్టిట్యూట్'కు. రెండేళ్లకే రాజవంశీకుల మీద చట్టం వచ్చింది. సైన్యం జాబితాలోంచి ఆయన పేరు కొట్టేశారు. అధ్యక్షుడికి ఘాటుగా ఉత్తరం రాస్తే దేశం నుంచే పొమ్మన్నారు. అరవై నాలుగేళ్ల వయసులో మళ్లీ పరాయి గడ్డ!

ఎవరైనా ఏం చేస్తారు? వీలునామా చింపేస్తారు. ఆయన అదే ఏడాది అక్టోబరులో దాన్ని తిరుగులేని దానపత్రంగా మార్చి ప్రకటించాడు. ప్రభుత్వం సిగ్గుపడటానికి మూడేళ్లు పట్టింది. 1889లో రమ్మంది.

షరతులు రెండే గట్టివి. వస్తువులేవీ అరువివ్వకూడదు, తాను అమర్చిన తీరు మార్చకూడదు. అందుకే అక్కడ చిత్రాలు గోడల నిండా ఒకదాని మీద ఒకటి కిక్కిరిసి ఉంటాయి. పేర్లు వెతుక్కుంటూ మెడలు నొప్పి పుడతాయి. కొత్త మ్యూజియాలకు అలవాటు పడ్డవాళ్లు విసుక్కుంటారు గానీ, ఒక ఇంట్లోకి అడుగుపెట్టిన అనుభూతి అక్కడే కలుగుతుంది. 1850కి ముందటి చిత్రాల విషయంలో ఫ్రాన్సులో లూవ్ర్ తర్వాతి స్థానం దీనిదేనంటారు.

1897 మే 4న ప్యారిస్‌లో ఒక విరాళాల సంతలో మంటలు లేచాయి. ఆయన తమ్ముడి వరసవాడు కాదు, సొంత అన్న కొడుకు భార్య సోఫీ అందులో ఆహుతైంది. సిసిలీలోని తన ఎస్టేటులో ఉన్న హెన్రీకి కబురందింది. మే 7న గుండె ఆగిపోయింది. మరుసటి ఏడాది ఏప్రిల్ 17న షాంటిలీ తలుపులు జనానికి తెరుచుకున్నాయి. బెర్రీ డ్యూక్ ప్రార్థన పుస్తకం కుట్లు విప్పి, మరమ్మతు చేసి, నెలల బొమ్మల్ని 2025లో విడివిడిగా ప్రదర్శించారు. అదీ ఆ కోటలోనే!