బండికీ ఊపిరాడాలి!

‘ఏమిటో, ఈ మధ్య మన కారు లాగడం లేదు’ అనే మాట వినని ఇల్లుండదు. ఏసీ వేసుకుని నలుగురు కూర్చుంటే ఆయాసం. కాస్త ఎత్తు ఎక్కాలంటే మూలుగు. ఇక సలహాలకేం కొదవ? ‘ఇన్‌టేక్ మార్పిస్తే బండి గుర్రంలా దూకుతుంది మమ్మీ’ అని కాలేజీ కుర్రాడు పోరు పెడతాడు. షాపులో ఎర్రటి గొట్టం, మెరిసే ఫిల్టరూ ఊరిస్తుంటాయి. ఖరీదు మాత్రం వేలల్లో! ఆ డబ్బు పెట్టే ముందు, ఇంజను ఎలా గాలి పీలుస్తుందో తెలుసుకోవడం మంచిది కదా.

పొయ్యిలాంటిదే ఇంజనూ

కట్టెల పొయ్యి మీద వండిన మన అమ్మమ్మలకు ఊదుగొట్టం విలువ తెలుసు. కట్టెలెన్ని కూరినా గాలి తగలకపోతే పొగే తప్ప మంట రాదు. ఇంజనుదీ అదే తంతు. ఒక కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే దాదాపు 14.7 కిలోల గాలి కావాలి. అంటే మనం పోయించే ఒక్కో లీటరు పెట్రోలుకీ బండి ఇంచుమించు 9 వేల నుంచి 10 వేల లీటర్ల గాలి పీలుస్తుందన్నమాట. పెట్రోలుకు డబ్బిచ్చి రసీదు తీసుకుంటాం. గాలి ఉచితం గనక దాని సంగతే పట్టదు!

ఆ గాలి చల్లగా ఉంటే చిక్కగా ఉంటుంది. వేడెక్కితే పలచబడుతుంది. 20 డిగ్రీల దగ్గరున్న గాలి 60 డిగ్రీలకు వేడెక్కితే చిక్కదనం సుమారు 12 శాతం తగ్గుతుంది. పైగా మన జంటనగరాలు సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉన్నాయి కాబట్టి విశాఖలో కంటే ఇక్కడి గాలి కొంచెం పలచనే. మే నెలలో బండికి ఆయాసం ఎందుకొస్తుందో ఇప్పుడు తెలిసిందిగా!

మెరుపు చూసి మోసపోవద్దు

బజారులో దొరికే చాలా కిట్లలో ఫిల్టరు పెట్టె ఉండదు. గరాటాకారంలో ఉన్న ఫిల్టరును బానెట్ కింద బాహాటంగా బిగిస్తారు. అది పీల్చేదేమిటి? ఇంజను సెగకి కాగిన గాలి! కంపెనీవాళ్లు పెట్టె పెట్టి, ముందువైపు నుంచి గొట్టం వేసింది బయటి చల్లగాలి కోసమే. దాన్ని మనమే పీకేసి వేడిగాలి పట్టిస్తే, బలం పెరగడం మాట అటుంచి తగ్గినా ఆశ్చర్యం లేదు.

‘మరి శబ్దం మారింది కదా, బలం పెరిగినట్టే ఉంది’ అంటారు. పెట్టె లేకపోతే గాలి చప్పుడు బయటికి గట్టిగా వినిపిస్తుంది, అంతే. కుక్కరు విజిలు గట్టిగా వేసినంత మాత్రాన పప్పు ముందే ఉడుకుతుందా?

చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకులో పరుగెత్తే రేసు బండ్లకు ఈ మార్పులు పనికొస్తాయి. వాటి ఇంజను, పొగగొట్టం, కంప్యూటరు లెక్కలు అన్నీ కలిపి సరిచేస్తారు. పిల్లల్ని స్కూల్లో దింపి, కూరగాయలు తెచ్చుకునే మన బండికి గొట్టం ఒక్కటీ మారిస్తే ఒరిగేది బహు కొద్ది.

యాప్రాల్ దుమ్ము

మా యాప్రాల్ సంగతే చూడండి. చుట్టూ మిలిటరీ స్థలాలు, మధ్యమధ్య ఖాళీ జాగాలు, ఎటు చూసినా లేస్తున్న అపార్టుమెంట్లు. ఇసుక లారీ ఒకటి ముందు వెళ్తే చాలు, మన బండి దుమ్ము తాగాల్సిందే. ఇక్కడికి దగ్గర్లోనే తిరుమలగిరిలో సైన్యం వారి ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. సైన్యం బండ్లు ఎడారుల్లోనూ తిరగాలి. అక్కడ వాటికి పెద్ద శత్రువు దుమ్మే. మన పొలాల్లో తిరిగే పాత ట్రాక్టర్లకు కూడా గాలిలోని మట్టిని పట్టడానికి నూనె గిన్నె ఉన్న ఎయిర్ క్లీనర్లు ఉండేవి.

సన్నటి ఇసుక లోపలికి పోతే పిస్టను, సిలిండరు గోడలు అరుగుతాయి. ఆయిలు తాగడం, నీలిపొగ రావడం మొదలవుతాయి. ఆనక అయ్యే రిపేరు ఖర్చు వింటే గుండె గుభేలుమంటుంది. గాలి ఎక్కువ వదిలే ఫిల్టరు దుమ్మునూ ఎక్కువ వదిలితే, అది లాభమా, నష్టమా?

అసలైన అప్‌గ్రేడ్ కొన్ని వందల్లోనే

2009లో అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల వారు ఈ విషయం పరీక్షించి చూశారు. మూసుకుపోయిన ఫిల్టరు తీసి కొత్తది వేస్తే పికప్ 6 నుంచి 11 శాతం మెరుగుపడుతుందట! కొత్త రకం ఇంజన్లలో మైలేజీ మాత్రం పెద్దగా మారదు. గాలి తగ్గితే లోపలి కంప్యూటరు పెట్రోలూ తగ్గించేస్తుంది మరి. మైలేజీ మీద తేడా కనిపించేది పాత కార్బొరేటర్ బండ్లలోనే. కాబట్టి ‘ఇది పెడితే మైలేజీ పెరుగుతుంది మేడమ్’ అని ఎవరైనా అంటే తొందరపడి పర్సు తీయకండి.

మన పని పది నిమిషాలు

* ఇంజను ఆపి, చల్లారాక బానెట్ ఎత్తండి. లావుపాటి గొట్టం తగిలించిన నల్లటి ప్లాస్టిక్ పెట్టె కనిపిస్తుంది. చాలా కార్లలో క్లిప్పులు తీస్తే తెరుచుకుంటుంది.

* ఫిల్టరును వెలుతురుకు పట్టి చూడండి. మడతల మధ్య నుంచి వెలుగు రాకపోతే మార్చాల్సిందే. కాగితం ఫిల్టరును కడగకూడదు. గట్టిగా గాలి కొట్టిస్తే కాగితం చిరగవచ్చు.

* పెట్టె అడుగున ఆకులు, మట్టి ఉంటే తడిగుడ్డతో తీయండి. ఇంజను వైపు గొట్టంలోకి ఏమీ జారనివ్వకండి. ఎలుకలు గూడు పెట్టే చోటు కూడా ఇదే!

* గొట్టానికి పగుళ్లున్నాయేమో, ఫిల్టరు రబ్బరు అంచు సరిగ్గా కూర్చుందో లేదో చూడండి. సందు ఉంటే దుమ్ము అక్కడి నుంచే దూరుతుంది.

* ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. దుమ్ము దారుల్లో తిరిగేవాళ్లు అంతకంటే ముందే మార్చుకోవాలి.

* సర్వీసింగుకు ఇచ్చినప్పుడు ‘పాత ఫిల్టరు చూపించండి’ అని అడగండి. ‘మీకెందుకమ్మా ఇవన్నీ’ అంటే, బిల్లు కట్టేది నేనే కదా అని నవ్వుతూనే చెప్పండి.

పిల్లలు ఇంకా పట్టుబడితే

బండి వారంటీలో ఉంటే ముందు షోరూములో అడగండి. మార్పుల వల్ల వచ్చిన చెడుకు కంపెనీ బాధ్యత తీసుకోకపోవచ్చు. ఆర్.సి.లో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. 2019 సవరణ ప్రకారం చట్టం ఒప్పుకోని ఒక్కో మార్పుకూ 5 వేల రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. పాత పెట్టెలోనే సరైన కొలత ఫిల్టరు వేసుకుంటే ఈ తలనొప్పి లేదు.

మరో మాట. చల్లగాలి కోసమని గొట్టాన్ని బాగా కిందికి దింపే కిట్లున్నాయి. 2020 అక్టోబరు వరదల్లో హైదరాబాదు వీధులు చెరువులైన సంగతి మరిచిపోగలమా? అలాంటి నీళ్లలో ఆ గొట్టం గాలికి బదులు నీళ్లు పీలుస్తుంది. గాలి నొక్కితే ఇముడుతుంది గానీ నీరు ఇమడదు. లోపలి కడ్డీలు వంగి ఇంజనే పాడవుతుంది. ఏ కారైనా సరే, నీళ్లలో ఆగిపోతే మళ్లీ స్టార్టు చేయొద్దు. తోయించి గట్టుకు చేర్చి మెకానిక్‌ను పిలవండి.

ఈ ఆదివారం మీ అబ్బాయినో, అమ్మాయినో పక్కన పెట్టుకుని ముందు ఆ నల్లపెట్టె తెరిచి చూడండి. ఫిల్టరు మార్చాక కూడా బండి లాగకపోతే అప్పుడు మెకానిక్‌కు చూపిద్దురుగాని. ఎర్రగొట్టం సంగతి ఆ తర్వాత!