ముఖమెరుగని రేసరు కోసం కన్నీళ్లు ఎందుకు?

మన సంఘాల్లోని యవనస్థుల ఫోన్లు చూస్తే మోటార్‌సైకిల్ రేసర్ల ఫొటోలు కనిపిస్తాయి. ఎవరి బండి నంబరు ఎంత, ఎవరు ఎన్ని పందేలు గెలిచారు, ఎవరు మలుపులో మోకాలు నేలకు రాసుకుంటూ దూసుకెళ్తారు అన్నవి వారికి కంఠస్థం. అలాంటి రేసరు ఒకరు ట్రాక్ మీద చనిపోయాడన్న వార్త వస్తే ఆ పిల్లలు నిజంగానే ఏడుస్తారు. అన్నం ముట్టరు. స్టేటస్‌లో అతని ఫొటో పెట్టి ఒక మూల కూర్చుంటారు. పెద్దలకు ఇది వింతగా తోస్తుంది. "వాడెవడు? నీకేమైతడు?" అని కసురుతారు.

లక్సెట్టిపేటలోనైనా, జగిత్యాలలోనైనా, మంచిర్యాలలోనైనా ఈ మాట వినిపించే ఇళ్లు ఉంటాయి. ప్రశ్న తప్పు కాదు. కసురుతూ అడిగితే మాత్రం జవాబు రాదు. ఆ జవాబును ఈ వారం నిదానంగా వెదుకుదాం. అందుకోసం ఒక రేసరు మరణాన్ని, ఆ మరణం తర్వాత అతని తండ్రి చేసిన పనులను చూద్దాం.

సెపాంగ్‌లో ఆ ఆదివారం

మార్కో సిమోన్‌చెల్లి ఇటలీ యువకుడు. 1987 జనవరి 20న పుట్టాడు. పెరిగింది కొరియానో అనే చిన్న ఊళ్లో. సముద్రతీరాన ఉన్న రిమిని పట్టణానికి అది దగ్గర. మన వీధుల్లో పిల్లలు క్రికెట్ బ్యాట్ పట్టినట్టు ఆ ప్రాంతంలో పిల్లలు చిన్న బైకులు ఎక్కుతారు. మార్కో కూడా అలాగే ఎక్కాడు. 2008లో 250 సీసీ తరగతిలో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. 2010లో అన్నిటికంటే పెద్ద తరగతి అయిన మోటోజీపీలో అడుగుపెట్టాడు. అతని నంబరు 58. గుబురుగా పెరిగిన ఉంగరాల జుట్టు, దాపరికం లేని నవ్వు అతని గుర్తులు. అభిమానులు ముద్దుగా 'సిక్' అని పిలిచేవారు.

అతను మచ్చలేనివాడేమీ కాదు. మరీ దూకుడుగా నడుపుతాడని తోటి రేసర్లే విమర్శించేవారు. 2011 మే నెలలో ఫ్రాన్స్‌లోని లెమాన్ రేసులో అతనితో తగిలి పడిపోయిన డాని పెడ్రోసాకు కాలర్‌బోన్ విరిగింది. ఆ రేసులో సిమోన్‌చెల్లికి శిక్ష కూడా పడింది. అదే ఏడాది అక్టోబర్ 16న ఆస్ట్రేలియాలో రెండో స్థానం సాధించాడు. మోటోజీపీలో అతనికి అదే అన్నిటికంటే మంచి ఫలితం.

సరిగ్గా వారానికి, అక్టోబర్ 23 ఆదివారం, మలేసియాలోని సెపాంగ్ ట్రాక్‌లో రేసు జరిగింది. రెండో ల్యాప్, 11వ మలుపు. సిమోన్‌చెల్లి నాలుగో స్థానంలో ఉన్నాడు. అతని బండి జారింది. మామూలుగా బండి జారితే బండీ మనిషీ మలుపు బయటి వైపుకు కొట్టుకుపోతారు, వెనక వచ్చేవారికి దారి దొరుకుతుంది. ఆ రోజు అలా కాలేదు. జారిన టైర్లకు మళ్లీ పట్టు దొరికి, బండి అతన్ని ఈడ్చుకుంటూ ట్రాక్‌కు అడ్డంగా లోపలి వైపుకు తిరిగింది. వెనక వస్తున్న కోలిన్ ఎడ్వర్డ్స్, వాలెంటినో రోసీ తప్పించుకునే వీలు లేకపోయింది. రోసీ అతనికి దగ్గరి స్నేహితుడు. దెబ్బకు హెల్మెట్ ఊడిపోయింది. వెంటనే ఎర్రజెండా చూపి రేసు ఆపారు, తర్వాత పూర్తిగా రద్దు చేశారు. అక్కడి సమయం ప్రకారం సాయంత్రం 4:56కు వైద్యులు అతని మరణాన్ని ధ్రువీకరించారు. వయసు 24 ఏళ్లు. తండ్రి పావోలో ఆ రోజు అక్కడే ఉన్నాడు.

అక్టోబర్ 27న కొరియానోలోని చర్చిలో అంత్యక్రియల ఆరాధన జరిగింది. రిమిని బిషప్ దాన్ని నడిపించారు. శవపేటిక దగ్గర అతను నడిపిన బైకులు నిలిపారు. చర్చి పట్టనంత జనం వీధుల్లో నిలబడి తెరల మీద చూశారు. వేలాది మంది వచ్చారు. వారిలో చాలామంది అతనితో ఒక్క మాటైనా మాట్లాడినవారు కాదు.

వారికి అతనేమవుతాడు?

మొదటి సంగతి అలవాటు. అభిమాని రేసరును ఏటా పదిహేను, ఇరవై ఆదివారాలు చూస్తాడు. అతను పడినప్పుడు గుండె ఆగుతుంది, లేచినప్పుడు ఊపిరి వస్తుంది. రేసరుకు ఈ అభిమాని ఉన్నాడని కూడా తెలియదు. అయినా ఇటువైపు పెరిగిన ప్రేమ అబద్ధం కాదు. ఒకవైపు నుంచే కట్టిన వంతెన అయినా కూలినప్పుడు చప్పుడు వస్తుంది.

రెండో సంగతి అపాయం. ప్రాణం పణంగా పెట్టి పని చేసేవారిని చూసేవారి మనసు వేరుగా ఉంటుంది. ఇది మనకు తెలియని విషయం కాదు. మన పక్కనే శ్రీరాంపూర్, మందమర్రి బొగ్గు బాయిలున్నాయి. బాయిలో కార్మికుడు చనిపోతే అతని ముఖమెరుగని కుటుంబాలు కూడా ఆ రాత్రి పొయ్యి వెలిగించడానికి వెనకాడతాయి. తమ ఇంటి మనిషి కూడా రేపు షిఫ్టుకు దిగాలి గనుక. రేసరు అపాయాన్ని ఇష్టపడి ఎంచుకున్నాడు, కార్మికుడు కుటుంబం కోసం దిగాడు. ఈ రెండూ ఒకటి కావు. కానీ 'ఇవాళ తిరిగి వస్తాడా' అని ఎదురుచూసే భయం రెండు చోట్లా ఒకటే.

మూడో సంగతి వయసు. ఇరవై ఏళ్ల కుర్రాడికి చావు అంటే తాతది, నాయనమ్మది. తనలాంటి వయసువాడు, తాను కావాలనుకున్నవాడు, ఒక్క మలుపులో లేకుండా పోతే ఆ కుర్రాడు తన చావును మొదటిసారి చూస్తాడు. పైకి ఏడ్చేది రేసరు కోసం. లోపల అతను అడుగుతున్నది మనం ప్రతి ఆదివారం మాట్లాడే ప్రశ్ననే. అలాంటి గడియలో "నీకేమైతడు" అని కసిరితే, తలుపు తట్టినవాడి ముఖం మీదే తలుపు వేసినట్టు.

అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయంలో యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు విధవరాండ్రు ఏం చేశారో గుర్తుచేసుకోండి. ఆమె కుట్టిన బట్టలు పేతురుకు చూపుతూ ఏడ్చారు. ఏడ్చేవారికి చేతిలో ఏదో ఒకటి కావాలి. కొరియానోలో అది 58 నంబరు ఉన్న చొక్కా, జెండా. వస్తువును పూజించడం వేరు, వస్తువును పట్టుకుని మనిషిని తలచుకోవడం వేరు. ఈ తేడా పిల్లలకు నేర్పాలంటే ముందు మనకు తెలిసి ఉండాలి.

మౌనానికి బదులు గోల

సిమోన్‌చెల్లి చనిపోయిన తర్వాతి రేసు నవంబర్ 6న స్పెయిన్‌లోని వాలెన్సియాలో. ఒక నిమిషం మౌనం పాటించడం అక్కడా ఆనవాయితీయే. తండ్రి పావోలో అది వద్దన్నాడు. కొడుకు సందడి మనిషి కాబట్టి ఒక నిమిషం గోల చేయమని కోరాడు. మూడు తరగతుల రేసర్లు కలిసి ట్రాక్ చుట్టూ ఒక చుట్టు తిరిగారు. ముందు నడిచింది సిమోన్‌చెల్లి బైకు. దాన్ని 1993 ప్రపంచ ఛాంపియన్ కెవిన్ ష్వాంట్జ్ నడిపాడు. ఆ తర్వాత బాణసంచా, ఇంజన్ల మోత, జనం కేకలు.

ఇక్కడ మనం ఒక మాట జాగ్రత్తగా వినాలి. మన దగ్గర కూడా స్నేహితుడు బైకు ప్రమాదంలో పోతే కుర్రాళ్లు గోల చేస్తారు. 'కన్నీటి నివాళి' అని ఫ్లెక్సీ కడతారు. అందులో చనిపోయినవాడు అదే బండి మీద, హెల్మెట్ లేకుండా, నవ్వుతూ కూర్చుని ఉంటాడు. సైలెన్సర్లు పీకేసి, ఒక్కో బండి మీద ముగ్గురేసి ఎక్కి ర్యాలీ తీస్తారు. ప్రేమ నిజమే. కానీ వాలెన్సియాలో గోల జరిగింది మూసివున్న ట్రాక్ మీద. అక్కడ అందరూ ఒకే దిక్కుకు వెళ్తారు. పడితే జారిపోవడానికి ఖాళీ నేల, కంకర గుంతలు ఉంటాయి. జెండాలు పట్టుకున్నవారు, వైద్యులు సిద్ధంగా ఉంటారు. 2018 నుంచి రేసర్ల సూట్లలో ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి.

లక్సెట్టిపేట మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద ఏముంటుంది? ఎదురుగా లారీ, పక్కన గేదెల మంద, కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, చీకట్లో లైటు లేని ట్రాక్టర్ ట్రాలీ. సెపాంగ్‌లో అన్ని ఏర్పాట్ల మధ్య ప్రపంచ ఛాంపియనే బతకలేదు. ఏ ఏర్పాటూ లేని చోట అతన్ని అనుకరించడం అతనికి నివాళి కాదు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద పందెం కాస్తే మూడు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. మైనరు చేతికి బండి ఇస్తే 199ఏ సెక్షన్ కింద తల్లిదండ్రులకో, బండి యజమానికో మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. ప్రార్థన చేసి తాళంచెవి చేతిలో పెట్టే తల్లిదండ్రులు ఈ సంగతి కూడా తెలుసుకోవాలి.

దుఃఖం పనిగా మారినప్పుడు

పావోలో సిమోన్‌చెల్లి గోలతో ఆగిపోలేదు. కుటుంబం మార్కో పేరిట ఒక ఫౌండేషన్ పెట్టి, కొరియానోలో వికలాంగుల కోసం కేంద్రం కట్టే పని చేపట్టింది. కొడుకును పోగొట్టుకున్న ఆటకే తండ్రి తిరిగి వెళ్లి, కుర్ర రేసర్ల కోసం 'సిక్58' అనే జట్టు నడిపాడు. కొరియానోకు దగ్గర్లోని మిసానో ట్రాక్‌కు మార్కో పేరు పెట్టారు. 2019 సెప్టెంబరులో ఆ ట్రాక్ మీదే మోటో3 రేసులో పావోలో జట్టుకు చెందిన జపాన్ కుర్రాడు తాత్సుకి సుజుకి గెలిచాడు. కొడుకు పేరున్న నేల మీద, కొడుకు నంబరున్న జట్టులో, మరొకరి కొడుకు గెలిచాడు.

కొరియానోలో ఒక స్మారకం ఉంది. శిల్పి ఆర్కాంజెలో సస్సోలీనో చేసిన పెద్ద సైలెన్సర్ గొట్టం అది. దాని పేరుకు అర్థం 'ప్రతి ఆదివారం'. వారానికోసారి, ఆదివారం, దాని నుంచి 58 సెకన్ల పాటు మంట వస్తుంది. మిగిలిన వారమంతా అది ఊరికే ఉంటుంది. దుఃఖానికి కూడా ఒక వేళ, ఒక హద్దు ఉండవచ్చని ఆ ఊరు తెలుసుకున్నట్టుంది.

రేసు లోకం కూడా చావుల నుంచి నేర్చుకుంది, ఆలస్యంగానైనా. 2003లో జపాన్‌లోని సుజుకా ట్రాక్‌లో దాయిజిరో కాతో ప్రమాదానికి గురై చనిపోయాక మోటోజీపీ మళ్లీ ఆ ట్రాక్‌కు వెళ్లలేదు. 2021లో జేసన్ దుపాస్కియే (19), హ్యూగో మియాన్ (14), డీన్ బెర్తా విన్యాలెస్ (15) వేర్వేరు రేసుల్లో మరణించారు. ఆ తర్వాత అంతర్జాతీయ సమాఖ్య వయసు నియమాలను కఠినం చేసి, 2023 నుంచి గ్రాండ్ ప్రీ రేసులకు కనీస వయసు 18 ఏళ్లు అని నిర్ణయించింది. అదే 2023లో, ఆగస్టు 5న, మనకు దగ్గర్లోనే మరో దుఃఖం. చెన్నై సమీపంలోని ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో జాతీయ ఛాంపియన్‌షిప్ రేసులో బెంగళూరు బాలుడు శ్రేయస్ హరీశ్ పడి చనిపోయాడు. అతనికి 13 ఏళ్లు. నిర్వాహకులు ఆ రోజు, మరునాడు జరగాల్సిన మిగతా రేసులన్నీ రద్దు చేశారు. పదమూడేళ్ల పిల్లవాడు ఎంత వేగం మీద ఉండాలి అని ఆ వారం దేశమంతా అడిగింది. ఏడ్చినవారే ఆ ప్రశ్న అడగగలిగారు.

మనం చేయగలిగింది

ఇంట్లో చావు జరిగితే మన సంఘాలు ఆదరణ కూడిక పెడతాయి. పాట పాడి, వాక్యం చదివి, చనిపోయినవారి గురించి నలుగురితో మాట్లాడిస్తాం. అక్కడ ఎవరూ "నీకేమవుతాడు" అని అడగరు, వచ్చి కూర్చున్నవారందరికీ చాపలో చోటుంటుంది. నాయీను ఊరి గుమ్మం దగ్గర యేసు ఎదురుపడింది తనకు చుట్టం కాని ఒక విధవరాలి కొడుకు పాడెకే. లూకా 7వ అధ్యాయంలో ఆయన ఆ తల్లిని చూసి కనికరపడి ఆగాడని చదువుతాం. ఏడ్చేవారితో ఏడవమని రోమా పత్రిక 12వ అధ్యాయం చెప్పేటప్పుడు, వారి ఏడుపుకు తగిన కారణం ఉందో లేదో ముందు విచారించమనలేదు.

కాబట్టి మన ఇంటి కుర్రాడు ఒక రేసరు కోసం ఏడుస్తుంటే పక్కన కూర్చుందాం. "అతనిలో నీకు నచ్చిందేమిటి?" అని అడుగుదాం. తెగువ అంటాడు, కష్టం అంటాడు, పడి లేవడం అంటాడు. చెప్పనిద్దాం. ఆ మాటలన్నీ అయ్యాక, రెండో రోజో మూడో రోజో, బండి తాళంచెవి గురించి మాట్లాడదాం. హెల్మెట్ పట్టీ బిగించుకోవడం గురించి, ముగ్గురు ఎక్కకపోవడం గురించి, ర్యాలీకి బదులు స్నేహితులంతా ఆసుపత్రికి వెళ్లి రక్తదానం చేయడం గురించి. మొదటి మాటకు చెవి ఇచ్చినవారి రెండో మాటే పిల్లలు వింటారు.