కొండదారి బండికి ఇంజను శ్రుతి

ట్యూనింగు అనే మాట వినగానే మన కుర్రవాళ్ళకు తోచేది వొక్కటే - వేగం. సైలెన్సరు మార్చి, గాలిపెట్టె మూత ఊడదీసి, చెవులు చిల్లులు పడేలా అరిపిస్తే ఇంజనుకు బలం వచ్చిందని వాళ్ళ నమ్మకం. చదునైన రోడ్డు మీద ఆ నమ్మకంలో కొంత నిజం వుంటే వుండవచ్చు. కాని రాళ్ళూ, బురదా, వాగులూ, నిటారు ఎక్కుళ్ళూ వున్న అడవిబాటలో నడిచే బండికి కావలసింది వేరు.

ఏటీవీ అని పిలిచే ఈ లావు టైర్ల బండి మన ఊళ్ళకు కొత్తదే గాని, దాని చరిత్ర అర్ధ శతాబ్దం దాటింది. జపాను దేశపు హోండా కంపెనీ 1970లో అమెరికాలో మొదట అమ్మినది మూడు చక్రాల బండి. దానికి 89 సీసీల చిన్న ఇంజను, బుడగల్లాంటి టైర్లు. తరువాత 1982లో సుజుకీవారు నాలుగు చక్రాలది తెచ్చారు. మూడు చక్రాలవి మలుపుల్లో బోల్తాపడి చాలామంది దెబ్బలు తినడంతో, 1988లో అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న వొప్పందం ప్రకారం కంపెనీలు వాటి అమ్మకం ఆపివేశాయి. నేడు మన దేశంలో నాలుగు చక్రాలవే విహారస్థలాల్లోనూ, పెద్ద తోటల్లోనూ కనిపిస్తున్నాయి.

ఇంజను బలమన్నది రెండు విధాలు. గుర్రపుశక్తి వొకటి, లాగుడు రెండోది. ఇంజను నిమిషానికి ఎనిమిది, తొమ్మిది వేల చుట్లు తిరిగేటప్పుడు పుట్టే బలం పందాలకు పనికివస్తుంది. కొండబాటలో నడకవేగంతో రాయెక్కేటప్పుడు ఇంజను అంత వేగంగా తిరగదు. రెండు, మూడు వేల చుట్ల దగ్గర కూడా ఆగిపోకుండా లాగాలి. 1987లో వచ్చిన యమహా బాన్షీ అనే టూ స్ట్రోకు బండి ఇసుకదిబ్బల మీద పేరుపొందింది. కాని దాని ఇంజను కింద నీరసంగా వుండి, పైకి వెళ్ళగానే ఒక్కసారి ఎగిరిపడుతుంది. మరుసటి ఏడాది వచ్చిన హోండా ఫోర్‌ట్రాక్సు 300 పొలం పనుల బండి. దాన్ని ఎవరూ పందెపు గుర్రమనలేదు గాని, వొత్తిన కొద్దీ లాగుతుంది. అడవిబాటకు నేనైతే రెండోదాన్నే మెచ్చుకుంటాను.

ట్యూనింగుకు ముందు బండి ఆరోగ్యం చూడాలి. జ్వరంతో వున్నవాడికి కసరత్తు చెప్పడం ఎంత తెలివో, మురికి ఫిల్టరుతో కార్బురేటరు తిప్పడం అంత తెలివి. నురగ ఫిల్టరును సబ్బునీళ్ళలో కడిగి, మెలిపెట్టకుండా అదిమి పిండి, నీడలో ఆరబెట్టి, ఫిల్టరు నూనె పట్టించాలి. పెట్రోలుతో కడగవద్దు. నురగ చెడుతుంది, నిప్పు భయం కూడా. తరువాత టాపెట్లు. ఇంజను పూర్తిగా చల్లారాక, కంప్రెషను పైదెబ్బ దగ్గర ఆపి, సందు కొలిచే రేకుతో కంపెనీ చెప్పిన సందు చూసుకోవాలి. టకటకమని మోగే టాపెట్టును చూసి అందరూ భయపడతారు. నిజానికి మోగని బిగువు టాపెట్టే ప్రమాదకరం. వాల్వు పూర్తిగా మూసుకోక అంచులు కాలిపోతాయి, స్టార్టు కావడం కష్టమవుతుంది.

ఇక అసలు విద్య కార్బురేటరులో వుంది. కొత్త బళ్ళకు చాలావాటికి పెట్రోలు ఇంజెక్షను వచ్చింది. అందులో చిన్న కంప్యూటరు గాలిని కొలిచి పెట్రోలు తనే సరిచేసుకుంటుంది. కాని తోటల్లో తిరిగే పాతబళ్ళు ఎక్కువగా కార్బురేటరువే. పెట్రోలు పూర్తిగా కాలడానికి దాని బరువుకు సుమారు 14.7 రెట్లు గాలి కావాలి. ఎక్కువ బలం కావాలంటే పెట్రోలు కాస్త ఎక్కువ పడాలి. పెట్రోలు తక్కువైతే ఇంజను వేడెక్కుతుంది, ఎక్కువైతే నల్లపొగ వదిలి తడబడుతుంది.

చాలామంది మెకానిక్కులు కూడా ఏం చెడ్డా మెయిన్ జెట్టు మీదికే పోతారు. అది పొరపాటు పద్ధతి. రేసు మీట పావువంతు నొక్కేవరకూ పని చేసేది చిన్న పైలట్ జెట్టు, దాని పక్కన వుండే స్క్రూ. పావు నుంచి ముప్పావు వరకు సూది. ముప్పావు దాటాక మాత్రమే మెయిన్ జెట్టు. అడవిబాటలో నడిచేవాడి బొటనవేలు సగం దాటడమే అరుదు. కాబట్టి వాడికి పైలట్ జెట్టూ, సూదీ ముఖ్యం. మీట పక్కన చిన్న కాగితం పట్టీ అతికించి పావు, అర, ముప్పావు గీతలు పెట్టుకుంటే, ఎక్కడ తడబడుతున్నదో ఇట్టే తెలుస్తుంది.

పైలట్ స్క్రూలు రెండు రకాలు. ఇంజను వైపు వుండేది పెట్రోలును ఆపేది. లోపలికి తిప్పితే మిక్చరు పలచబడుతుంది. ఫిల్టరు వైపు వుండేది గాలిని ఆపేది. లోపలికి తిప్పితే చిక్కబడుతుంది. ఈ తేడా తెలియక తిప్పేవాడు తూర్పుకు పోవాలని పడమరకు పోతాడు. ఇంజను బాగా వేడెక్కాక, నెమ్మదిగా తిప్పుతూ, ఏ దగ్గర ఐడిలింగు అన్నిటికంటే చురుగ్గా, నిలకడగా వుంటే అక్కడ ఆపాలి. సూదికి గాళ్ళు వుంటాయి. క్లిప్పును ఒక గాడి కిందికి దించితే సూది పైకి లేచి పెట్రోలు ఎక్కువ పడుతుంది. ఒకసారికి ఒక మార్పే చెయ్యాలి. రెండు కలిపి చేస్తే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో బ్రహ్మకు కూడా తెలియదు.

ప్లగ్గు చూసి మిక్చరు చెప్పడం పాతవిద్య. తెల్లగా వుంటే పెట్రోలు తక్కువ, మసిగా వుంటే ఎక్కువ, పాలు ఎక్కువ పోసిన కాఫీ రంగులో వుంటే సరి. సీసం లేని నేటి పెట్రోలుతో ఆ రంగు త్వరగా తేలదు. కొత్త ప్లగ్గు వేసి కొంతసేపు నడిపి చూడడం మంచిది.

నీలగిరి, కోరాపుట్ వంటి చోట్ల వున్న మన కుటుంబాలకు ప్రత్యేకంగా చెప్పవలసినది ఎత్తు సంగతి. మూడువందల మీటర్లు ఎక్కితే గాలి సుమారు నూటికి మూడు వంతులు పలచబడుతుంది. ఊటీ దాదాపు 2,240 మీటర్ల ఎత్తు. అక్కడ గాలి సముద్రతీరం కంటే నూటికి ఇరవై వంతులు పలచన. కోరాపుట్ జిల్లాలోని దేవమాలి శిఖరం, 1,672 మీటర్లు, అక్కడ నూటికి పదిహేను. ఏ ట్యూనింగూ ఈ నష్టాన్ని పూర్తిగా పూడ్చలేదు; గాలి లేనిదే మంట లేదు. కాని గాలి తగ్గినంతగా పెట్రోలు తగ్గదు కనుక, మేట్టుపాళయంలో చక్కగా నడిచిన కార్బురేటరు బండి ఊటీలో మసిపట్టి గునుస్తుంది. అక్కడ చిన్న మెయిన్ జెట్టు వేసి, సూదిని ఒక గాడి దించితే మళ్ళీ హుషారవుతుంది.

ప్రమాదం ఎక్కడంలో లేదు, దిగడంలో వుంది. కొండమీద చిన్న జెట్టు వేసుకున్న బండిని అలాగే లారీ మీద మైదానానికి తెచ్చి, ఎండలో పూర్తి రేసు మీద పరుగెత్తిస్తే పెట్రోలు చాలదు. పిస్టను వేడెక్కి వుబ్బుతుంది, సిలిండరు గోడకు పట్టేస్తుంది. టూ స్ట్రోకు ఇంజనుకయితే అదే పెట్రోలులో నూనె కూడా రావాలి గనుక దెబ్బ మరీ త్వరగా తగులుతుంది. ఇంజను పట్టేసిన చోటు ఊరికి పదిమైళ్ళ అవతల అయితే ఆ రాత్రి గతి ఊహించుకోవచ్చు.

గాలిపెట్టె మూత తీస్తే బలం పెరుగుతుందనేవారికి రెండు మాటలు. గాలి పెరిగితే జెట్టు కూడా పెంచాలి. పెంచకపోతే పైన చెప్పిన వేడి గొడవే. పైగా వాగు దాటేటప్పుడు నీళ్ళు తిన్నగా ఇంజనులోకి పోతాయి. నీరు అదమబడదు. కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది. సైలెన్సరులోని నిప్పురవ్వల జల్లెడను తీసేసేవారు, వేసవిలో ఎండాకు దట్టంగా పడ్డ అడవిని ఒకసారి తలచుకోవాలి. ఆ జల్లెడను అప్పుడప్పుడు విప్పి మసి దులిపితే చాలు. ఇంజనుకు వూపిరి వస్తుంది.

తక్కువ ఖర్చుతో లాగుడు పెంచే ఉపాయం ఇంజనులో కాదు, పళ్ళచక్రాల్లో వుంది. గొలుసు బండికి ముందు చక్రంలో ఒక పన్ను తగ్గిస్తే, వెనక సుమారు మూడు పళ్ళు పెంచినంత ఫలితం. పైవేగం కొంత పోతుంది. అడవిలో దానితో పనేముంది? బెల్టు బళ్ళకు లో గేరు వేసి ఎక్కించాలి. హై గేరులో కొండ ఎక్కిస్తే బెల్టు జారి, కాలి, కమురు వాసన వేస్తుంది. పెద్ద టైర్లు వేయించడం చూడముచ్చటగా వుంటుంది గాని, సంపాదించిన లాగుడంతా అది మింగేస్తుంది. టైర్లలో గాలి కూడా బండి మీద రాసినంతే వుంచాలి. సాధారణంగా అయిదు పౌండ్ల అటూ ఇటూ. మోటారు సైకిలులా ముప్పై కొట్టిస్తే రాళ్ళ మీద బంతిలా ఎగురుతుంది.

చాలా ఏటీవీలకు వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసుకు బిగించి వుంటాయి. మలుపులో లోపలి చక్రం జారితేనే బండి తిరుగుతుంది. అటువంటప్పుడు రేసు కాస్త నొక్కగానే ఇంజను ఎగిరిపడితే, మనిషి కింద, బండి పైన. అందుకే మీటకు జవాబు మెత్తగా, వరుసగా వచ్చేలా పైలట్, సూది సరిచేయడం బలం కంటే ముందు చూడవలసిన పని. పదహారేళ్ళు నిండని పిల్లలను పెద్దల బండి ఎక్కనివ్వరాదు. ఎంత చక్కని ట్యూనింగయినా వాళ్ళ బరువు చాలదు. హెల్మెట్టు సంగతి వేరే చెప్పనక్కర లేదు. అభయారణ్యాల్లోకీ, రిజర్వు అడవుల్లోకీ అనుమతి లేకుండా పోవడం నేరమని మాత్రం గుర్తు చెయ్యాలి.

జెట్టు మార్చినవారు దాని మీది అంకె, సూది ఎన్నో గాడిలో వున్నది, స్క్రూ ఎన్ని చుట్లు విప్పినది, ఏ ఊళ్ళో చేసినది ఒక చీటీ మీద రాసి పనిముట్ల సంచిలో వేసుకోవాలి. పాత జెట్టును కూడా ఆ సంచిలోనే వుంచండి. కొండ దిగిన రోజున వెతుక్కోవలసినది దాన్నే.