పన్నెండు వోల్టుల పొయ్యి

ప్రయాణంలో భోజనం మాట వచ్చేసరికి మన ఇళ్ళలో రెండు పక్షాలు తయారవుతాయి. "దారి పొడుగునా హోటళ్ళు వుంటే మూటలెందుకు?" అనేది ఒక పక్షం. "ఆ కారాలు పిల్లలకు పడతాయా? ఇంత అన్నం, పప్పు తీసుకుపోతే ఎక్కడో చెట్టుకింద తినవచ్చు" అనేది రెండో పక్షం. "చల్లారిన పప్పు ఎవరు తింటారు?" అని మొదటి పక్షంవారు ఎదురు ప్రశ్న వేసేవారు. ఇన్నాళ్ళూ దీనికి జవాబు లేకపోయింది. ఇప్పుడు బజారులో దొరుకుతోంది.

చూడడానికి అది పిల్లల టిఫిన్ పెట్టెలా వుంటుంది. దానికొక తీగ, తీగ చివర ఒక బొడిపె. పూర్వం కార్లలో చుట్టలు, సిగరెట్లు ముట్టించుకోవడానికి ఒక గుంట వుండేది. చుట్టలు పోయినా గుంట మిగిలింది. అందులో ఈ బొడిపె గుచ్చితే పెట్టెలో అన్నం వేడెక్కుతుంది. పన్నెండు వోల్టుల పొయ్యి అన్నమాట!

శ్రీశైలానికో తిరుపతికో కుటుంబసమేతంగా కార్లలోనూ వ్యాన్లలోనూ బయలుదేరేవారు దీన్ని కొంటున్నారు. మిరపకాయల టిక్కీలతో గుంటూరు యార్డు ముందు బారులు తీరే లారీల వాళ్ళకూ దీని అవసరం వుంది. ఇక పడక, వంటగది అన్నీ ఇముడ్చుకున్న కారవానులనే ఇళ్ళబండ్లు మన దేశంలోనూ తిరుగుతున్నాయి. కేరళ ప్రభుత్వం 2021లో వాటికోసం ఒక పర్యాటక విధానమే ప్రకటించింది. అయితే పొయ్యి కొన్నవారిలో కొందరు పదిరోజులు తిరక్కుండానే విసుక్కుంటారు. "ఇదేం పొయ్యండీ! కాఫీకి నీళ్ళు పెడితే గంటయినా కాగలేదు!" అంటారు. పాపం, పొయ్యి చెయ్యగలిగిందే చేస్తుంది. అది ఇవ్వలేని వరం మనం అడుగుతున్నాం. అది ఏమివ్వగలదో తెలియాలంటే కాస్త లెక్క వెయ్యాలి. భయపడకండి, ఎక్కాలు వస్తే చాలు.

బ్యాటరీలో ఎంత వుంది?

మామూలు కారు బ్యాటరీలో ఆరు గదులుంటాయి. ఒక్కో గదికి రెండు వోల్టుల పైచిల్లర. ఆరూ కలిస్తే పన్నెండు. 1859లో ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను గంధకామ్లంలో ముంచి తయారుచేసిన బ్యాటరీ వంశంలోనిదే ఇది.

బ్యాటరీ మీద 45 ఆంపియరు గంటలు అని రాసివుందనుకోండి. దాన్ని పన్నెండుతో హెచ్చవేస్తే 540 వాట్టుగంటలు. మన ఇంటి కరెంటు మీటరు భాషలో చెప్పాలంటే అర యూనిట్టు పైచిల్లర! ఇంత పెద్ద బండి మొత్తం ఆస్తి అదే. అందులోనూ సగం దాటి వాడితే బ్యాటరీ ఆయుష్షు తగ్గుతుంది, ఇంజను తిరగడానికి బలం చాలకపోవచ్చు.

ఇప్పుడు నీళ్ళ సంగతి. లీటరు నీటిని 30 డిగ్రీలనుంచి మరిగే దాకా తేవడానికి సుమారు 82 వాట్టుగంటలు కావాలి. ఆ గుంటకు సాధారణంగా పది ఆంపియర్ల ఫ్యూజో, అంతకు కొంచెం పెద్దదో వుంటుంది. పదే అనుకుంటే ఆ దారిన రాగలిగింది 120 వాట్లు. అంటే ఒక్క చుక్క వేడి కూడా బయటికి పోకపోతే 41 నిమిషాలు. కిటికీలోంచి గాలి కొడుతూ, గిన్నె చల్లారుతూ వుంటే గంట. ఇంట్లో 1500 వాట్ల కెటిలు ఇదే పని మూడున్నర నిమిషాల్లో చేస్తుంది. అంచేత విసుగు సహజమే!

"పోనీ బండిలో కూడా 1500 వాట్ల పొయ్యి పెడితే?" అంటారా? పెట్టవచ్చు. కాని ఇంట్లో 230 వోల్టులుంటాయి గనక ఆ పొయ్యికి ఆరున్నర ఆంపియర్లు చాలు. పన్నెండు వోల్టుల మీద 125 ఆంపియర్లు కావాలి. తీగలో పుట్టే వేడి ఆంపియర్లతో సమంగా పెరగదు, వాటి వర్గంతో పెరుగుతుంది. జూల్ అనే ఆంగ్లేయుడు 1840 ప్రాంతంలో కనిపెట్టిన సూత్రం ఇది. ఆ లెక్కన అదే తీగలో 367 రెట్ల వేడి పుడుతుంది. అప్పుడు అన్నానికంటే ముందు తీగే ఉడుకుతుంది! అందుకే ఇన్వర్టరు కొని ఆ గుంటలో గుచ్చి, దానికి ఇంటి కెటిలు తగిలించేవారు ఫ్యూజు పోగొట్టుకుంటారు. ఫ్యూజు ఎందుకు పోతోందని దాని స్థానంలో లావు తీగ చుట్టేవారు బండినే పోగొట్టుకుంటారు.

లారీల వాళ్ళకు మరో హెచ్చరిక. పెద్ద లారీలలో రెండు బ్యాటరీలు ఒకదాని వెనుక ఒకటి కలిపి వుంటాయి గనక 24 వోల్టులు వస్తాయి. పన్నెండు వోల్టుల పెట్టెను అందులో గుచ్చితే వేడి రెట్టింపు అవుతుందనుకోవడం పొరపాటు. వోల్టులు రెండింతలైతే ఆంపియర్లూ రెండింతలు. వెరసి నాలుగింతలు. 45 వాట్ల పెట్టె 180 వాట్లు మింగి కాలిపోతుంది. లారీకి 24 వోల్టులని రాసివున్న పెట్టెనే కొనాలి.

అది చెయ్యగలిగిన పని

మరి 45 వాట్ల పెట్టె దేనికి పనికివస్తుంది? ఒకరికి సరిపడే అరకిలో పప్పన్నం 30 డిగ్రీలనుంచి 75 డిగ్రీలకు తేవడానికి 22 వాట్టుగంటలు చాలు. కాస్త వేడి వృథా పోయినా ముప్పావుగంట. బండి నడుస్తూ వుంటే ఇంజనుతోపాటు తిరిగే ఆల్టర్నేటరే ఆ కరెంటు ఇస్తుంది, బ్యాటరీకి లోటు రాదు. అంచేత వినుకొండలో భోజనం అనుకున్నవారు నరసరావుపేట దాటగానే బొడిపె గుచ్చాలి. బండి ఆపి, ఆకులు పరచి, అప్పుడు గుచ్చేవారు పిల్లల ఆకలి కేకలు వినవలసిందే.

ఇంజను ఆపిన తరువాత పెట్టెను వదిలేస్తేనే అసలు చిక్కు. కొన్ని కార్లలో తాళంచెవి తీయగానే ఆ గుంట నిద్రపోతుంది, కొన్నిటిలో మేలుకునే వుంటుంది. మీ కారు ఏ రకమో ఇంటి దగ్గరే చూసుకోండి. దోర్నాల దాటి శ్రీశైలం ఘాటులో బండి మొరాయిస్తే అటూ ఇటూ అడవే. పైగా పెద్దపులుల అభయారణ్యం. వేడి అన్నం కోసం ఆ రాత్రి అక్కడ గడపడం ఏ పక్షానికీ సమ్మతం కాదు.

ఇక బండిలోనే వంట చేసుకోవాలన్న సరదా వున్నవారికి మన ప్రాంతంలోనే ఒక పాఠం వుంది. శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళలో ఆకాశమంత ఎత్తున వెలిగే ప్రభలను చూడండి. అన్ని దీపాలు బండి బ్యాటరీతో వెలుగుతాయా? ప్రభకు తోడుగా జనరేటరు నడుస్తుంది. కారవానుల పద్ధతీ అంతే. ఇంజను బ్యాటరీని ముట్టుకోకుండా, వంటకూ దీపాలకూ వేరే పెద్ద బ్యాటరీ పెడతారు. 200 ఆంపియరు గంటల లిథియం బ్యాటరీలో 2500 వాట్టుగంటలకు పైగా వుంటాయి. 1500 వాట్ల ఇండక్షన్ పొయ్యి అరగంట వాడితే 750 ఖర్చు. లావు తీగలు, తగిన ఫ్యూజులు, పైకప్పున సౌరఫలకాలు, ఇవన్నీ తెలిసినవారి చేత అమర్చుకున్నాకనే ఆ ముచ్చట.

గోరువెచ్చని గండం

చల్లని అన్నంకన్నా, పూర్తిగా వేడెక్కని అన్నంతో ప్రమాదం ఎక్కువ. బియ్యంలో బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు వుండవచ్చు. అన్నం ఉడికినా అవి చావవు. అన్నం గంటల తరబడి గోరువెచ్చగా వుంటే మేలుకుని, పెరిగి, ఒక విషాన్ని వదులుతాయి. ఆ విషం మళ్ళీ వేడిచేసినా పోదు. దారిలో పిల్లలకు వాంతులు పట్టుకుంటే మనం నీళ్ళను తిడతాం, హోటలును తిడతాం. మూటను మాత్రం అనుమానించం.

5 డిగ్రీలకూ 60 డిగ్రీలకూ మధ్య ఇటువంటి సూక్ష్మజీవులు వృద్ధి పొందుతాయి. ఆ మధ్యన ఆహారం రెండు గంటలకు మించి వుండకూడదనీ, 32 డిగ్రీలు దాటిన ఎండలో గంటకు మించరాదనీ ఆరోగ్యశాస్త్రం చెబుతుంది. మన రెంటచింతల ఎండలకు ఆ గంట కూడా ఎక్కువే! వేసవిలో మూసిన కారు తానే ఒక పొయ్యి. అంచేత తెల్లవారుజామున వండిన అన్నాన్ని చల్లార్చి, మధ్యాహ్నం ఈ పెట్టెలో వెచ్చబెట్టి తినడం మంచి పద్ధతి కాదు. పొగలు కక్కుతున్నప్పుడే సర్దాలి, 60 డిగ్రీలకు దిగకముందే పెట్టెకు కరెంటు ఇవ్వాలి, తినేముందు మళ్ళీ పొగలు రావాలి.

ఈ పద్ధతిలో లాభం కూడా వుంది. 30 డిగ్రీలనుంచి మొదలుపెట్టే బదులు 60నుంచి మొదలుపెడితే పెట్టె చెయ్యవలసిన పని మూడోవంతుకు తగ్గుతుంది. వేడి పుట్టించడంకన్నా పుట్టిన వేడిని కాపాడుకోవడం చవక. 1892లో డ్యూయర్ అనే శాస్త్రజ్ఞుడు తయారుచేసిన శూన్యపు సీసాయే మన థర్మాస్ ఫ్లాస్కుకు మూలం. అందులో కాఫీ పోసుకుపోయేవారికి బండిలో నీళ్ళు కాచుకునే అవస్థ వుండదు. అన్నానికి హాట్‌ప్యాకు వుంది. దానిమీద పత్తి బొంత ఒకటి చుట్టండి. పత్తిపోగుల మధ్య చిక్కుకున్న గాలి వేడిని పోనివ్వదు. ఇంత పత్తి పండించే గడ్డమీద వుండి ఆ మాత్రం వాడుకోకపోతే ఎలా? కాని జ్ఞాపకం వుంచుకోండి: బొంత హాట్‌ప్యాకుకే. కరెంటు పెట్టెకు గుడ్డ చుడితే నిప్పు కొనితెచ్చుకున్నట్టే.

మన పెద్దలు ఈ చిక్కును మరో దారిన తప్పించుకున్నారు. ప్రయాణానికి పులిహోర, దద్దోజనం కట్టారు. చింతపండు పులుపు, పెరుగు పులుపు వున్నచోట సూక్ష్మజీవులు అంత తేలిగ్గా తలెత్తలేవు. పైగా ఇవి చల్లగా వున్నా రుచే. పోతన భాగవతంలో గోపబాలురు చల్దిమూటలు విప్పి, ఊరగాయలు నంజుకుని తిన్నారు. వేడి లేదని ఒక్కడూ అలగలేదు!

నిప్పు జోలికి పోవద్దు

పెట్టె ఆలస్యం చేస్తోందని, చిన్న గ్యాసు సిలిండరు వెంట తీసుకుపోయేవారు వున్నారు. వారు ఒక్కసారి మదురైను తలుచుకోవాలి. 2023 ఆగస్టు 26 తెల్లవారుజామున, లక్నోనుంచి వచ్చిన యాత్రికుల రైలుపెట్టె మదురై స్టేషను యార్డులో నిలిచివుంది. నిబంధనలకు విరుద్ధంగా లోపలికి తెచ్చిన గ్యాసు సిలిండరువల్ల నిప్పంటుకుంది. తొమ్మిదిమంది పోయారు. వారు కోరింది విందు కాదు, ఉదయాన కాస్త వేడి పానీయం.

పత్తి లారీకి నిప్పురవ్వ చాలునని ఈ ప్రాంతంలో ఎవరికీ చెప్పనక్కరలేదు. అయినా సరుకు దిగేదాకా గంటలకొద్దీ నిలవవలసిన డ్రైవరు, క్లీనరు ఏం తినాలి? లారీ నీడలోనే స్టవ్వు వెలిగిస్తారు. మిరపకోతల కాలంలో కర్నూలు పడమటి మండలాలనుంచి పిల్లాపాపలతో వచ్చే కూలీలు మూడు రాళ్ళమీద కుండ పెడతారు. వారికి కరెంటు పెట్టెల మాట చెప్పి ప్రయోజనం లేదు. లారీలు నిలిచేచోట, కూలీలు దిగేచోట సరుకుకు దూరంగా ఒక రేకుల పాక, నీళ్ళ కుళాయి, గాలికి అడ్డుగా గోడ కట్టిన పొయ్యిగట్టు వుంటే సరుకూ దక్కుతుంది, వారికీ వేడి మెతుకులు దొరుకుతాయి. మన వేడి అన్నంలో కారం వారు కోసినదే, వారు మోసినదే. ఆ పాకను అడిగే బాధ్యత యార్డులో లావాదేవీలున్న ప్రతివారిదీ.