పట్టువిడుపుల తాడు

గాలివాన వెలిసిన మర్నాడు అమెరికా నగర శివారుల్లో తరచు కనిపించే దృశ్యం ఇది. ఇంటి కప్పు మీదికి ఒరిగిన ఓక్ కొమ్మను కోయడానికి ఒక మనిషి చెట్టెక్కుతాడు. నడుముకు పట్టీ, పక్కన వేలాడే రంపం, పైన బలమైన కొమ్మ మీదుగా వేసిన తాడు. కింద నిలబడి చూసేవారికి అతణ్ణి మోస్తున్నది ఆ తాడేననిపిస్తుంది. నిజానికి ఆ తాడుకూ అతని నడుము పట్టీకీ మధ్య మూరన్నర పొడవున్న మరో సన్నని తాడుముక్క ఉంటుంది. ప్రధాన తాడును అది నాలుగైదు చుట్లు చుట్టుకొని ఉంటుంది. బరువు పడితే పట్టుకుంటుంది, చేత్తో నెడితే జరుగుతుంది. ఈ ముడిని ఇంగ్లీషులో ఫ్రిక్షన్ హిచ్ అంటారు. ఈ వ్యాసంలో ఘర్షణముడి అందాం, దాన్ని వేసే తాడుముక్కను ముడితాడు అందాం.

ముడితాడు కొనేటప్పుడు ఎవరైనా మొదట చూసేది అది ఎంత బరువుకు తెగుతుందన్న అంకె. చూడవలసిందే, కాని అక్కడితో ఆగకూడదు. తెగకుండానే ఈ తాడు మూడు విధాల మోసం చేయగలదు: జారిపోవచ్చు, వేడికి కరగవచ్చు, బిగుసుకుపోయి వదలకపోవచ్చు. ఈ మూడింటికీ ఆ అంకెలో సమాధానం దొరకదు.

ముడి ఎలా పట్టుకుంటుంది?

మన పల్లెల్లో గీత కార్మికుడి మోకును చూసినవారికి ఇందులోని సూత్రం పరిచితమే. తాటిచెట్టు చుట్టూ తిప్పిన మోకులో అతడు వెనక్కు వాలితే, అతని బరువే మోకును మాను మీద బిగిస్తుంది. ముందుకు ఒరిగితే మోకు వదులవుతుంది, పైకి జరుపుకోవచ్చు. పడవలసిన బరువే పట్టునిస్తుంది. ఘర్షణముడి కూడా ఇదే పని చేస్తుంది. మాను స్థానంలో తాడు ఉంటుంది, అంతే తేడా.

ఆస్ట్రియా పర్వతారోహకుడు కార్ల్ ప్రూసిక్ 1931లో ప్రచారంలోకి తెచ్చిన ముడి ఈ కుటుంబంలో పెద్దది. వృక్షసంరక్షకులు విరివిగా వాడే బ్లేక్ ముడిని 1981లో హైన్స్ ప్రొహాస్కా, 1994లో జేసన్ బ్లేక్ వేర్వేరుగా వెలుగులోకి తెచ్చారు. డిస్టెల్, వాల్డోటెన్ వంటివి తరువాత వాడుకలోకి వచ్చాయి.

స్తంభానికి చుట్టిన తాడు ఎంత లాగుడును ఆపుతుందో లెక్కకట్టే ఆయిలర్ సూత్రం ఇక్కడ కొంత దారి చూపుతుంది. ఘర్షణ గుణకం 0.2 అయితే, ఒక కొసను ఒక కిలో బలంతో పట్టుకుంటే ఒక్క చుట్టు మూడున్నర కిలోల లాగుడును ఆపుతుంది. నాలుగు చుట్లు 150 కిలోలను ఆపుతాయి. గుణకం 0.1కు పడిపోతే అవే నాలుగు చుట్లు ఆపగలిగేది 12 కిలోలనే. ముడిలోని ఒత్తిళ్ళు స్తంభం మీది చుట్ల కన్నా జటిలమైనవి కనుక ఈ అంకెలను యథాతథంగా తీసుకోకూడదు. కాని ఒక విషయం స్పష్టమవుతుంది: ఉపరితలంలో చిన్న మార్పు పట్టులో పెద్ద మార్పు తెస్తుంది. నున్నని కొత్త తాడు, తడిసిన తాడు, పైన్ జిగురు అంటిన తాడు ఒకే ముడికి మూడు వేర్వేరు తాళ్ళు.

వేడి లెక్క

80 కిలోల మనిషి 15 మీటర్లు దిగితే దాదాపు 11,800 జౌళ్ళ శక్తి వెలువడుతుంది. అందులో అధికభాగం ముడి దగ్గరా తాడు మీదా వేడిగా మారుతుంది. ముడిలో ఉండే తాడు బరువు 40 గ్రాములనుకుందాం. ఆ వేడి అంతా అందులోనే నిలిస్తే దాని ఉష్ణోగ్రత 230 డిగ్రీల సెల్సియస్‌కు పైగా పెరగాలి. వాస్తవంలో చాలా వేడిని ప్రధాన తాడూ గాలీ తీసుకుపోతాయి. అయితే అందుకు సమయం కావాలి. నెమ్మదిగా దిగేవాడు ఆ సమయం ఇస్తాడు. సర్రున జారేవాడు ఇవ్వడు.

నూలు ఎంపిక ఇక్కడే నిర్ణయమవుతుంది. డైనీమా పేరుతో దొరికే పాలిథీన్ నూలు ఉక్కును మించిన బలం కలది; కాని చాలా నున్నన, పైగా 150 డిగ్రీలు దాటకముందే కరుగుతుంది. బలం అంకె చూసి దాన్ని ముడితాడుగా ఎంచుకోవడం ప్రాణాంతకమైన పొరపాటు. నైలాన్, పాలియెస్టర్ నూళ్ళు రకాన్ని బట్టి 220 నుంచి 260 డిగ్రీల మధ్య కరుగుతాయి. అంతకు ముందే మెత్తబడి, ఉపరితలం గాజులా మెరుస్తూ గట్టిపడుతుంది. ఆ మెరుపు కనిపించిన చోట పట్టు తగ్గిందని అర్థం. టెక్నోరా, కెవ్లార్ వంటి అరమిడ్ నూళ్ళు అసలు కరగవు. నాలుగైదు వందల డిగ్రీల దగ్గర విచ్ఛిన్నమవుతాయి. వాటి బలహీనతలు వేరు: ఎండకు చెడతాయి, పదేపదే మడతపడితే లోపల పోగులు తెగుతాయి. అందుకే చాలా ముడితాళ్ళలో పైపొరను అరమిడ్, పాలియెస్టర్ కలిపి అల్లుతారు. ఒకటి వేడిని ఓరుస్తుంది, రెండవది అరుగుదలను ఓరుస్తుంది.

లావు, మెత్తదనం, జత

చెట్టెక్కే ప్రధాన తాళ్ళు సాధారణంగా 11 నుంచి 13 మిల్లీమీటర్ల లావుంటాయి. వాటికి 8 నుంచి 10 మిల్లీమీటర్ల ముడితాళ్ళు వాడతారు. సన్ననిది గట్టిగా కరుస్తుంది, కాని బరువు దిగాక కూడా వదలడానికి మొరాయిస్తుంది. వేడిని పంచుకునే పదార్థమూ అందులో తక్కువ. లావుది హాయిగా జరుగుతుంది, కాని పట్టుకోవలసిన క్షణంలో ఆలస్యం చేయవచ్చు. బ్లేక్ ముడిని ప్రధాన తాడంత లావున్న కొసతోనే వేస్తారు, అయినా పట్టుకుంటుంది. అంటే లావొక్కటే కాదు, ముడి ఆకృతీ లెక్కలోకి వస్తుంది.

మెత్తదనం కూడా అంతే. బిరుసు తాడు చుట్లు ప్రధాన తాడును ఒరుసుకోకుండా ఎడంగా నిలుస్తాయి. మరీ మెత్తని తాడు అణగిపోయి బిగుసుకుంటుంది. తాడును వేళ్ళ మధ్య మడిచి చూస్తే కొంత తెలుస్తుంది. ఫలానా ప్రధాన తాడు మీద, ఫలానా ముడితో, ఫలానా మనిషి బరువుతో చూస్తేనే అంతా తెలుస్తుంది. కనుక మంచి ముడితాడు ఏది అన్న ప్రశ్న అసంపూర్ణం. ఏ తాడుకు, ఏ ముడికి, ఎంత బరువుకు అని అడగాలి. ఒకే తాడు మీద మనిషి బరువంతా పడే పద్ధతిలో మరొక జాగ్రత్త అవసరం. అక్కడ ముడికి పైన అదనపు ఘర్షణనిచ్చే పరికరం లేకుండా వట్టి ముడి మీద దిగకూడదు.

ఇక బలం సంగతి. అమెరికాలో ఈ వృత్తికి భద్రతా ప్రమాణమైన ఆన్సీ జడ్ 133, ఎక్కే తాడు కనీసం 5,400 పౌండ్లు, అంటే దాదాపు 2,450 కిలోలు ఓర్చాలంటుంది. ముడితాడుకూ ఆ బలమే ఉండాలంటుంది. ముడి వేసిన చోట ఏ తాడైనా కొంత బలం కోల్పోతుంది కనుక, రెండు కొసలా కర్మాగారంలోనే కుట్టిన కన్నులున్న తాడు మేలు. ఈ హద్దు దాటిన తాళ్ళ మధ్య, బలం ఇంకా ఎక్కువ ఉన్నంత మాత్రాన ఒకటి మేలైనది కాదు. అక్కడి నుంచి తేల్చవలసింది పట్టూ విడుపూ.

నేల మీద పరీక్ష

కొత్త ముడితాడును మొదట తాడు నేలను తాకే చోటనే పరీక్షించాలి. ముడి వేసి, చుట్లు సర్ది, బిగించి, మోకాలెత్తులో పూర్తి బరువు వేసి చూడాలి. తక్షణం పట్టుకోవాలి, బరువు తీస్తే సులువుగా జరగాలి. కొత్త తాడు మొదటి కొన్ని ఎక్కుళ్ళలో ఒకలా, అలవాటు పడ్డాక మరోలా ప్రవర్తిస్తుంది కనుక ఈ పరీక్ష ఒక్కరోజుతో తీరేది కాదు. మెరుపు, బిరుసుదనం, తెగిన పోగులు, సన్నబడిన చోటు కనిపిస్తే ఆ తాడు పని ముగిసినట్టే. ముడితాడు అరిగిపోవడానికే ఉన్న వస్తువు. ప్రధాన తాడు కన్నా చవక, దానికన్నా ముందు పోవలసినది.

చివరగా, ఏ తాడూ సరిదిద్దలేని లోపం ఒకటుంది. జారుతున్నానని భయపడినవాడు చేతికందినదాన్ని గట్టిగా పట్టుకుంటాడు. పట్టుకున్నది ముడి పైభాగమైతే, దాన్ని కిందికి లాగుతూనే ఉంటాడు. ముడి బిగిసే అవకాశమే ఉండదు. అతణ్ణి రక్షించేది అప్పుడు చేయి వదలడమే. ఈ వృత్తిలో శిక్షణ పొందేవారు తాడు లక్షణాలతో పాటు ఈ విడుపును కూడా నేల మీదే, పదేపదే, అనుభవజ్ఞుల సమక్షంలో అలవాటు చేసుకోవాలి. తాడుకు పట్టువిడుపులు ఉంటే చాలదు, చేతికీ ఉండాలి.